దొరగారి కుడిపక్క

నాకు అన్నిటికంటే భయం ఒక్కటే. ఆ పాప నోట మాట లేకుండా, ఆ గుర్రానికి కుడిపక్క నుంచి వెళ్తుందేమోనని. అన్నం కలుపుతున్నా అదే, బట్టలు పిండుతున్నా అదే. పాప నా కూతురు కాదు. గుర్రమూ మాది కాదు. ఇప్పుడు ఆ పాపా ఆ గుర్రమూ ఒకేచోట ఉన్నారు. ఆ చోటు ఎక్కడో మాకు తెలియదు.

మా ఆయన పని చెడిపోయిన గుర్రాలను బాగుచేయడం. చెడిపోవడమంటే జబ్బు కాదు. దెబ్బలు తినో, హడలిపోయో, మనిషి కనిపిస్తే కరిచేవి, కాలు విసిరేవి, కళ్లెం చూపిస్తే గోడకు అతుక్కుపోయేవి ఉంటాయి. వాటిని తెచ్చి మా దగ్గర వదులుతారు. మనిషి చేతికి అలవాటయ్యాక తీసుకెళ్తారు. మేముండేది శాల పక్క గదిలోనే. రెండింటికీ గోడ ఒకటే. అవతల గుర్రం ఒళ్ళు రుద్దుకుంటే ఇవతల మా గిన్నెల అలమర కదులుతుంది. ఇంట్లో మా అత్తగారు, మేమిద్దరం, మూడో ఏడు నడుస్తున్న మా పిల్ల. దాన్ని అందరం వసపిట్ట అనే పిలుస్తాం. నిద్రలో తప్ప దాని నోరు మూతపడదు.

ఆ గుర్రం వచ్చిన రోజు లారీ తలుపు దించగానే మా ఆయన నన్ను పిల్లతో సహా లోపలికి వెళ్ళమన్నాడు. కిటికీలోంచి చూశాను. నల్లటి ఒళ్ళు, నుదుట అరచెయ్యంత తెల్ల మచ్చ. మెడ వెనక్కి విరిచి, కళ్ళలో తెల్లగుడ్డు తప్ప ఏమీ కనబడకుండా నిలబడింది. దిగుతూ దిగుతూ వెనక కాలు ఒక్కటి విసిరింది. లారీ పక్క చెక్క రెండు ముక్కలైంది. ఆ కాలు లేచిన ఎత్తూ, మా పిల్ల తల ఉండే ఎత్తూ ఒకటే అని నాకు అప్పుడే తట్టింది. ఇక ఆ లెక్క నా బుర్రలోంచి పోలేదు. సాయంత్రంలోగా గది తలుపుకు పైన ఇంకో గడియ పెట్టించాను. మా అత్తగారు ఆ గడియ అందక మునివేళ్ళ మీద లేచి, తన కొడుకు పెళ్ళి చేసుకున్నది కోడల్నో జైలరునో అర్థం కావడం లేదన్నారు.

మా ఆయన గుర్రాన్ని కొట్టడు, అరవడు, తొందరపెట్టడు. శాలలో ఒక మూల పీట వేసుకుని, దానికి వీపు చూపిస్తూ కూర్చుంటాడు. కూర్చుని మాట్లాడుతుంటాడు. కొళాయి కారుతోందని, చెప్పు తెగిందని, పిల్లకు పన్ను వస్తోందని, కూరలో ఉప్పు ఎక్కువైందని, ఏది తోస్తే అది. గోడ ఇవతల నుంచి మాకన్నీ వినిపిస్తూనే ఉంటాయి. కూరలో ఉప్పు సంగతి నాకు గుర్రం ద్వారానే తెలిసింది. మా అత్తగారైతే, పెళ్ళాంతో నాలుగు ముక్కలు మాట్లాడమంటే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు, దీనికి మాత్రం పురాణం చెబుతాడు అని దెప్పేవారు. వినీ వినీ ఆ గుర్రం ఒకనాడు తానే వచ్చి మా ఆయన మెడ మీద వెచ్చగా ఊపిరి వదిలింది. ఆయన వెనక్కి తిరగలేదు. తెగిన చెప్పు సంగతే ఇంకోసారి మొదట్నుంచి చెప్పాడు.

అయితే ఎడమపక్క ఎంత మెత్తబడ్డా, కుడిపక్క మాత్రం దగ్గరికి రానివ్వలేదు. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి, కుడికన్ను దాదాపు పోయిందని చెప్పింది. వెలుగూ నీడా తప్ప ఆ కంటికి ఏమీ ఆనదు. దాని లెక్కలో ఆ పక్కన మనుషులు నడిచి రారు, ఊడిపడతారు. ఉలిక్కిపడి కాలు విసురుతుంది. విసిరిందని ఇదివరకటి చోట కర్రతో బాదేవారు. ఆ దెబ్బ కూడా చీకట్లోంచే వచ్చేది. ఇక దాని తప్పేముంది?

అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే రూలు. ముందు మాట, తర్వాత చెయ్యి. దూరం నుంచే మాట మొదలుపెట్టాలి, దగ్గరికి చేరేదాకా తెగకూడదు. చెప్పకుండా ఎదుటపడకూడదు కనుక దానికి దొరగారు అని పేరు పెట్టాం. బట్టలు ఆరేస్తూ నేను, దొరగారూ, ఇది దుప్పటి, గాలికి ఎగురుతుంది, జడుసుకోకండి అనేదాన్ని. మా అత్తగారు వాకిలి ఊడుస్తూ నా మీద చాడీలన్నీ దొరగారికే చెప్పుకునేవారు. మమ్మల్ని చూసి వసపిట్టకూ అదే పట్టుబడింది. ఆవరణలో అడుగు వేస్తే చాలు, నోరు విప్పాల్సిందే అనుకుంది. ఎవరూ నేర్పలేదు. మాకది మామూలైపోయింది. ఎంత మామూలంటే, బయటివాళ్ళు ఇలా మాట్లాడుతూ తిరగరన్న సంగతే మరిచిపోయాం.

ఆ రోజు అత్తగారు దిండ్లు ఎండలో వేయడానికి తలుపు తీశారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పిల్ల గొంతు దూరంగా వినబడింది. కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే కంచె లోపల, దొరగారి కుడిపక్క, కడుపు కింద నిలబడి ఉంది.

అరిస్తే గుర్రం బెదురుతుంది. అరవకపోతే ఏమవుతుందో తెలియదు. చేతిలో గరిటె ఉందని కూడా నాకు స్పృహ లేదు. పిల్ల మాత్రం ఆగకుండా మాట్లాడుతోంది.

"దొలగాలూ, నేనే, వత్తున్నా, నేనే."

గుర్రం చెవి ఒకటి అటు తిరిగింది. తర్వాత మెడ వంచి, తల మెల్లగా కిందికి దించి, పిల్ల జుట్టు వాసన చూసింది. శాల దగ్గరున్న మా ఆయన చేతిలోని బకెట్టు అక్కడే పెట్టి, అంతే నెమ్మదిగా, అవే మాటలు అంటూ వెళ్ళి పిల్లను ఎత్తుకున్నాడు. నేను గరిటెతోనే బయటికి వచ్చి దాన్ని అందుకున్నాను.

సరిగ్గా అప్పుడే గుర్రం యజమాని గేటు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. ఆయన నేలకు పరిచే బండల వ్యాపారి. మేం బండలాయన అనుకుంటాం. ఆయన మొహం వెలిగిపోయింది. పాలుతాగే పిల్ల పోయి కడుపు కింద నిలబడితే ఏమీ అనని గుర్రానికి ఇంకా వైద్యమేంటి, నాకిచ్చెయ్ అన్నాడు. మా ఆయన కన్ను సంగతి, మాట సంగతి విడమరిచి చెప్పాడు. ఆయన వింటూనే ఫోను తీసి ఎవరితోనో గుర్రం బాగుపడిందని చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయన వెనకాల ఒక పాప ఉంది. పదేళ్ళుంటాయేమో. రెండు జడలు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. నేను దగ్గరికి వెళ్ళి పలకరించాను. నీ పేరేంటమ్మా అన్నాను. నా వంక చూసి నవ్వింది. ఏ క్లాసు అన్నాను. మళ్ళీ నవ్వింది. సిగ్గేమో అనుకుని నేనూ నవ్వాను. ఆ తర్వాత బండలాయన ఫోను పక్కకు తీసి, మామూలు విషయం చెప్పినట్టే చెప్పాడు.

"మాట్లాడదమ్మా. చెవులు వినిపిస్తాయి, గొంతులో లోపం లేదన్నారు. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచి మాట మానేసింది. ఒకసారి గుర్రాన్ని చూసి నవ్విందని దీన్ని కొన్నాను."

ఇంత చెప్పిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎలా? కానీ ముందు మాట, తర్వాత చెయ్యి అన్న మా రూలు గుర్తొచ్చింది. మా ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూడటం లేదు. పాప అప్పటికే కంచె దూరి, కుడిపక్క నుంచి గుర్రం వైపు వెళ్తోంది. పిల్లి నడిచినట్టు నడుస్తోంది. అడుగు చప్పుడు లేదు. దొరగారి చర్మం భుజం నుంచి తొడదాకా వణికింది. వెనక కాలు మడమ లేచింది.

"దొరగారూ, మేమే, మేమే వస్తున్నాం" అంటూ మా ఆయన అడ్డం వెళ్ళాడు. కాలు దిగింది. బండలాయన ఫోనులోనే ఉన్నాడు. ఆయన కంటికి చెయ్యి చాచిన కూతురూ, చెవి తిప్పిన గుర్రమూ మాత్రమే కనిపించాయి.

మా ఆయన ఎంత బతిమాలినా బండలాయన ఇచ్చిన గడువు బడి సెలవులు అయిపోయేదాకా. వాళ్ళు ఎలాగూ వేరే ఊరు మారిపోతున్నారట. అక్కడ ఇంటి చుట్టూ ఖాళీ జాగా ఉందట.

మాట రాని పిల్లకు మాట బదులు ఏమివ్వాలి? ఆ ఆలోచన నాదే. కాలికి గజ్జెలు కడితే అడుగు పడినప్పుడల్లా చప్పుడవుతుంది. కానీ దొరగారికి తెలిసింది మనిషి గొంతు. గజ్జెలు విని ఇంకా బెదిరితే? అందుకని మా ఆయనే తన కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, ముందు మాటతో పాటు, తర్వాత మాట తగ్గిస్తూ, చివరికి వట్టి గజ్జెలతోనే వెళ్ళడం మొదలుపెట్టాడు. మా అత్తగారు చూసి నవ్వలేక కూలబడ్డారు.

"నలుగురూ చూస్తే వీధిభాగవతం దిగిందనుకుంటారు. ఒరేయ్, ఆ మీసమన్నా తీసెయ్."

ఎడమపక్క తొందరగానే కుదిరింది. కుడిపక్క కొన్నిసార్లు కుదిరేది, కొన్నిసార్లు ఒళ్ళు బిగిసేది. ఇంకొన్ని రోజులుంటే చాలు అనేవాడు మా ఆయన. గుర్రం ఒళ్ళు బిగించినప్పుడల్లా నేను మా పిల్లను గట్టిగా పట్టుకునేదాన్ని. అది కిచకిచమంటూ నా చేతుల్లోంచి జారిపోయేది. దాని వాగుడు ఇదివరకు విసుగనిపించేది. ఇప్పుడు ఒక్క క్షణం ఆగితే గుండె ఆగినట్టుండేది.

బండలాయన చెప్పిన గడువు కంటే ముందే లారీ తెచ్చాడు. మా ఆయన ఇంకో గుర్రానికి నాడాలు కొట్టించడానికి వెళ్ళాడు. ఇంట్లో అత్తగారూ, నేనూ, పిల్లా. ఆయన వచ్చేదాకా ఆగండి సార్ అన్నాను. లారీవాడు ఆగడన్నాడు. ఫోను చేస్తే మా ఆయన ఎత్తలేదు. సుత్తి మోతలో వినబడి ఉండదు. ఏం చేయను? దొరగారితో మాట్లాడుతూ మాట్లాడుతూ నేనే పగ్గం పట్టి లారీ ఎక్కించాను.

తర్వాత పాపను గుమ్మం మీద కూర్చోబెట్టి, రెండు కాళ్ళకూ గజ్జెలు కట్టాను. గుర్రం దగ్గరికి వెళ్ళేముందు దూరంగా నిలబడి కాలు ఆడించు, చెవి నీ వైపు తిరిగేదాకా ఆగు, అప్పుడు కూడా ఎడమపక్క నుంచే వెళ్ళు అని చేసి చూపించాను. పాప లేచి, కాలు ఆడించి, నా మొహంలోకి చూసింది. అలాగేనా అని అడిగినట్టుంది. అలాగే తల్లీ అన్నాను. నా వేలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బండలాయనకూ చెప్పాను. "సార్, ఇది ఆట వస్తువు కాదు. ఈ గజ్జెలే ఆ పాప గొంతు."

అలాగేనమ్మా అన్నాడు. మంచిగానే అన్నాడు. దాణా ఎంత, నీళ్ళు ఎప్పుడు, ఏ గడ్డి పడదు అన్నీ అడిగాడు, అన్నీ చెప్పాను. లారీ కదిలింది. వెనక ఆయన కారు. గేటు దాటి మలుపు తిరుగుతుండగా కారు ఆగింది. ఆయన వెనక్కి వంగి, పాప కాళ్ళ దగ్గర ఏదో విప్పి, ముందు అద్దం దగ్గర పడేశాడు. గజ్జెలే. నేను పరిగెత్తాను. కారు వెళ్ళిపోయింది.

మా ఆయన వచ్చి అంతా విన్నాడు. కారులో గలగలలాడుతుంటే చిరాకేసి తీసి ఉంటాడు, దిగాక మళ్ళీ కడతాడులే అన్నాడు. కడతాడేమో. మనిషి చెడ్డవాడు కాదు. కానీ దించే హడావుడిలో మరిచిపోతే? గుర్రం నెమ్మదిగా ఉంది కదా, ఇంకెందుకు ఇవి అనుకుంటే? అడుగుదామంటే బండలాయన నంబరు పనిచేయడం లేదు. బండల షాపుకు తాళం. పక్క షాపువాళ్ళను అడిగితే ఊరు మారారనే చెప్పారు, ఏ ఊరో వాళ్ళకూ తెలియదు. గుర్రం తినే గడ్డి పేరు దాకా చెప్పినవాళ్ళం, ఆ గుర్రం వెళ్ళే ఊరి పేరు అడగలేదు. మాకెప్పుడూ గుర్రాలు ఇంటికి వస్తాయి, మేం వాటి ఇంటికి వెళ్ళం. అందుకే తట్టలేదు.

మా ఆయన రోజూ కనిపించిన లారీవాళ్ళనల్లా అడుగుతున్నాడు. నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఆయన అంతకంటే ముందే ఆపాడు కాబట్టి, చదివినవాళ్ళెవరైనా సాయపడతారని ఇది రాసే పని నాకు పడింది.

మీ వైపు ఈమధ్య కొత్తగా దిగిన ఇల్లేదైనా ఉంటే, చుట్టూ ఖాళీ జాగా ఉంటే, అక్కడ నుదుట తెల్ల మచ్చ ఉన్న నల్ల గుర్రం కనిపిస్తే, దయచేసి ఒకసారి లోపలికి వెళ్ళండి. గేటు దగ్గర్నుంచే ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్ళండి. గుర్రాన్ని తర్వాత చూడొచ్చు. రెండు జడలు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉన్న పాప ఉంటుంది, పిలిస్తే పలకదు. ఆ పాప ఎలా ఉందో ముందు చూడండి.