టిచ్ బటన్ల చొక్కా

మేం పిచ్చుక అని పిలుచుకునే మా మనవరాలు పుట్టిన రెండో రోజే దాని మెదడులో రక్తం గడ్డకట్టింది. ముసలివాళ్లకొచ్చే పక్షవాతం పసిగుడ్డుకీ వస్తుందని నాకేం తెలుసు? బతికి బట్టకట్టింది, అదే పదివేలనుకున్నాం. కుడి చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని ఉండిపోయింది.

ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. పరుగెడుతుంది, చదువుతుంది, నన్ను నోరెత్తనివ్వదు. బొత్తాల దగ్గరే ఆగిపోతుంది. చేతికి కసరత్తు నేర్పే డాక్టరమ్మ, "బడి చొక్కా బొత్తాలు రోజూ తనే పెట్టుకోవాలి. కుడి చెయ్యి గుడ్డ పట్టుకోవాలి. ఎవరూ సాయం పట్టొద్దు. వాడని చేతిని మెదడు మరిచిపోతుంది" అంది.

ఒక పొద్దున్న ముప్పావుగంట పెనుగులాడి, పెదవి కొరుక్కుని రక్తం తెచ్చుకుంది. నేను తట్టుకోలేకపోయాను. నలభై ఏళ్లు మిషన్ తొక్కినదాన్ని కదా, దాని చొక్కాల కాజాలన్నీ మూసి కుట్టేశాను. పైన అందానికి బొత్తాలు, లోపల టిచ్ బటన్లు. ఎడమ చేత్తో నొక్కితే టక్కున పడతాయి. డ్యూటీ హడావుడిలో మా అమ్మాయి గమనించలేదు. పిల్ల ఐదు నిమిషాల్లో తయారవుతోందని మురిసిపోయింది.

నాలుగు నెలలు గడిచాయి. నిన్న చేతికి పరీక్ష. ముగ్గురం డాక్టరమ్మ గదికి వెళ్లాం.

"బొత్తాలన్నీ తనే పెట్టుకుంటోందండీ!" అంది మా అమ్మాయి గొప్పగా.

"అలాగా! ఏదీ, ఒకటి విప్పి పెట్టు, తల్లీ."

పిచ్చుక నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. అది ఎడమ చేత్తో లాగింది. టక్, టక్, టక్.

డాక్టరమ్మ చొక్కా అంచు తిప్పి చూసింది. "ఎంత నీటుగా కుట్టారండీ!" అంది. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది.

"అమ్మా, నువ్వా?"

"దాని ఏడుపు చూడలేకే..."

"నువ్వు పోయాక ఎవరు కుడతారే దానికి?"

డాక్టరమ్మ తన దగ్గరున్న బొత్తాల చొక్కా ఇచ్చింది. పిచ్చుక కుడి వేళ్లు అంచు మీద పాకి జారిపోయాయి. మళ్లీ జారాయి. పోయినసారి ఆ వేళ్లే అంచుని పట్టి నిలిపాయి, నా కళ్లారా చూశాను.

"నా వల్ల చెయ్యి పోయినట్టేనా, డాక్టరమ్మా?" అని అడిగాను.

"ఇప్పుడే చెప్పలేను. రేపే మొదలుపెట్టండి, చూద్దాం."

ఇంటికి రాగానే టిచ్ బటన్లు పీకేసి, కాజాలు తెరిచి, బొత్తాలు మళ్లీ వాటి చోట కుట్టాను. ఈ పొద్దున్న పిచ్చుక నా ఎదుట నిలబడి టీచరమ్మలా వేలు చూపించింది.

"అమ్మమ్మా, చేతులు కదిపావో, గోడకుర్చీ వేయిస్తా!"

"నా మోకాళ్లకి గోడకుర్చీనా, భడవా!"

నవ్వాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అంచు జారింది. జారింది. చివరికి మొదటి బొత్తాం కాజాలో సగం దూరి ఆగిపోయింది. దాని కుడి బొటనవేలు వణుకుతోంది. బయట బడి బస్సు హారన్ కొట్టింది. నా చేతులు తిమ్మిరెక్కాయి. బయటికి తీయలేదు.

మళ్లీ హారన్.

"ఆగవయ్యా బాబూ!" అని కేకేశాను కూర్చున్నచోటి నుంచే. "ఇంకా ఐదున్నర బొత్తాలున్నాయి!"