పొగమంచులో ఆగిన బంతి

శీతాకాలపు విరామానికి ముందు ఆఖరి ఫుట్‌బాల్ ఆట అది. ఓడితే కోచ్‌ను మార్చేస్తామని మా క్లబ్బు కమిటీ ముందే చెప్పేసింది. స్కోరు ఒకటి ఒకటి. కాలువ మీంచి లేచిన పొగమంచు మైదానాన్ని కమ్ముకుంటున్నా, గోల్‌స్తంభాలు లీలగా కనిపిస్తున్నాయని రిఫరీ ఆడిస్తూనే ఉన్నాడు.

కోచ్ డెట్లెఫ్ పోల్‌కాంప్ ఇరవై ఏళ్ళు పెద్ద క్లబ్బుల్లో లెఫ్ట్ బ్యాక్‌గా, గోల్‌కు ఎడమపక్క కాపలాగా ఆడినవాడు. మోకాలు పాడయ్యాక, ఈ గని ఊళ్ళో తను పుట్టిపెరిగిన క్లబ్బుకే వచ్చాడు.

బెంచీ దగ్గర ఏమీ కనబడక, మా గోల్ వైపు వినబడే కేకల వెంట మైదానం అంచు గీత పక్కనే నడిచాడు. ఆ తెల్లదనంలో మోకాలి నొప్పి తెలియలేదట. తడిగడ్డి మెత్తగా ఉందట. ఎప్పటివో స్టేడియాల హోరు ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపించిందట. గీత ఎప్పుడు దాటాడో ఆయనకే తెలియదు. చూసుకునేసరికి గోల్‌స్తంభం పక్కన, తన పాత చోట్లో ఉన్నాడు.

మంచులోంచి బంతి ఒంటరిగా దొర్లుకుంటూ వచ్చింది. మా గోల్‌కీపర్ సెర్కాన్ ముందుకు ఉరికి దాన్ని అందుకోలేకపోయాడు. వెనక గోల్ ఖాళీ. డెట్లెఫ్ కాలు చాచాడు. బంతి పాదానికి తగిలి, నిద్రపోయినట్టు ఆగింది.

సెర్కాన్ పరుగున వచ్చి బంతి అందుకున్నాడు.

"ఎవరూ చూళ్ళేదు కోచ్. మెల్లిగా అవతలికి వెళ్ళిపోండి. స్తంభానికి తగిలి ఆగిందంటాను."

"ఎంత బాగా ఆగిందో చూశావా?"

"చూశాను. వెళ్ళండి బాబూ."

వెళ్ళిపోతే ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఆ బంతిని స్తంభం ఆపినట్టవుతుంది. డెట్లెఫ్‌కు అదే మింగుడుపడలేదు.

"రిఫరీ గారూ, ఇటు రండి. ఆపింది నేను."

మైదానంలోకి వచ్చి గోల్ ఆపిన కోచ్‌కు ఎర్ర కార్డు, అవతలి జట్టుకు పెనాల్టీ. వాళ్ళ సంబరం డెట్లెఫ్‌కు బట్టలు మార్చుకునే గదిలోకి వినిపించింది. ఒకటి రెండుతో ఓడాం.

ఆట అయ్యాక క్లబ్బు హాల్లో డెట్లెఫ్ అప్పగించేద్దామని తన దగ్గరున్న తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. అధ్యక్షుడు అల్ఫోన్స్ కచ్‌మారెక్, పాత గని కార్మికుడు, దానికేసి చూడనైనా లేదు.

"తాళాలెందుకురా? పెట్టె ఏది?"

మా క్లబ్బులో ఎర్ర కార్డు పడ్డవాడు అందరికీ ఒక పెట్టె బీరు తేవాలి.

"అది ఆటగాళ్ళకు కదా అల్ఫోన్స్."

"మరి నువ్వు చేసిందేమిటి? టికెట్లు అమ్మావా?"

"కమిటీ మాటో?"

"కమిటీ కూడా తాగుతుంది. ఒరేయ్, నిన్ను కోచ్‌గా పెట్టుకున్నది గీత ఇవతల నిలబడటానికి. జనవరిలో ప్రాక్టీసు మొదలవుతుందిగా, ముందు అది నేర్చుకో."

"చల్లటిది తెండి కోచ్," అన్నాడు సెర్కాన్, బూట్లు విప్పుకుంటూ.

డెట్లెఫ్ తాళాలు మళ్ళీ జేబులో వేసుకుని లేచాడు.