మొదటి గడిలో ఎవరి పేరు

చీటీలో గడులు మూడే. ఆ ఏడాది అందరికంటే గొప్ప మేనేజర్ పేరు పై గడిలో, తర్వాతి ఇద్దరివీ కింద, గడిని బట్టి పాయింట్లు, అట్టడుగున ‘ఎందుకు?’ అని ఒక గీత. సాయంత్రం ఐదింటికల్లా లీగ్ ఆఫీసుకి చేరాలి. పొద్దున్నించీ దాన్ని ముందేసుకుని కూర్చున్న థెల్మా డ్రెక్స్‌లర్‌కి మూడు కాఫీలు అయ్యాయి గానీ ఒక్క గడీ నిండలేదు.

హార్లన్ ఫాల్స్ పత్రికలో ఇరవై ఆరేళ్లుగా బేస్‌బాల్ రాస్తున్న మనిషి ఆమె. గట్టిగా ఆరు జట్లున్న బుల్లి లీగ్. ఊరికో విలేకరి, విలేకరికో ఓటు. ఏటా ఇట్టే నింపి పడేసేది. ఈసారి చిక్కంతా సొంత ఊరి జట్టు మేనేజర్ ఓర్విల్ స్టానెక్‌తో వచ్చింది. అరవై నాలుగేళ్లవాడు. బహుమతి వస్తే ఇంకో ఏడాది కొలువు, రాకపోతే ఇంటికే అని జట్టు యజమాని మొహం మీదే చెప్పేశాడు. మిగతా ఓట్లతో అతనికీ కట్లర్ ఊరి మేనేజర్ రేకీ పాయింట్లు సమానంగా వచ్చాయని, తేల్చేది ఇక థెల్మా చీటీయేనని విలేకర్లంతా ఫోన్లలో చెవులు కొరుక్కుంటున్నారు.

స్టానెక్ జట్టు ఆఖరున వస్తుందని మార్చిలో ఊరంతా చదివేలా రాసింది థెల్మాయే. వాళ్లేమో రెండో స్థానంలో వచ్చి కూర్చున్నారు. దాంతో అద్భుతం, అద్భుతం అని ఒకటే గోల. కట్లర్ ఊరి విలేకరి గస్ మాత్రం ఒళ్లు మండి ఫోన్ చేశాడు.

“నువ్వు తప్పు రాశావు గనక మీవాడు గొప్పోడయ్యాడు. మా రే మొదట వస్తాడన్నావు, మొదటే వచ్చాడు. పాపం, అదే ఆయన చేసిన నేరం!”

“ఇక చాల్లే, పెట్టెయ్,” అంది గానీ మాట లోపల గుచ్చుకుంది. తను మార్కులు వేస్తున్నది మేనేజర్‌కా, తన పొరపాటుకా? ఎంత ఆలోచించినా తేలలేదు.

ఆమెకి మిగిలిన ఆధారం జూన్‌లో కట్లర్‌తో జరిగిన ఆట. మూడు బేసుల్లోనూ అవతలివాళ్లే, ఒక్క దెబ్బ గట్టిగా తగిలితే ఆట చేజారినట్టే. బంతి విసిరే టైరెల్ ఓక్స్ చెయ్యి అలిసిపోయింది. వాణ్ణి మార్చు, మార్చు అని జనం అరుస్తుంటే స్టానెక్ నింపాదిగా మైదానం మధ్యకి నడిచి, కుర్రాడితో ఏదో చెప్పి, మార్చకుండానే వెనక్కి వచ్చేశాడు. టైరెల్ వరసగా ఇద్దర్ని ఔట్ చేశాడు. జట్టు దశ తిరిగింది ఆ రోజే. నమ్మకమంటే ఇదీ అని థెల్మా పేజీ నిండా రాసింది. దాన్నే కారణంగా పెడదామని, మూడింటికి మైదానానికి వెళ్లింది.

స్టానెక్ ఆటగాళ్ల బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్ముతున్నాడు.

“ఆ రోజు టైరెల్‌లో ఏం చూసి ఉంచేశావు ఓర్విల్?”

“చూడ్డానికేముంది థెల్మా, మర్చిపోయా.”

“ఏం మర్చిపోయావు?”

“బంతి వెయ్యడానికి ఇంకొకణ్ణి సిద్ధంగా ఉండమని చెప్పడం. మార్చేద్దామనే నడిచా. సగం దూరం వెళ్లి కంచె వైపు చూస్తే ఒక్కడూ చెయ్యి సాగదీసుకోవట్లేదు. అందరూ కూచుని వేరుశెనక్కాయలు తింటున్నారు.”

థెల్మాకి అరికాలి మంట నెత్తికెక్కింది. “నీ దుంప తెగ! ఇదేదో రేపు చెప్పొచ్చుగా? ఐదింటికి నా చీటీ వెళ్లాలి!”

“తెలుసు, అందుకే ఇవాళ చెప్పా. నువ్వు రాసిన పేజీకి మా ఆవిడ ఫ్రేము కట్టించి వంటింట్లో తగిలించింది. దాని కింద కూచుంటే మూడు నెలల్నించీ సూప్ గొంతు దిగట్లేదు.”

ఆమె విసవిసా టైరెల్ దగ్గరికి వెళ్లింది. “ఆ రోజు ముసలాయన నీతో ఏమన్నాడు?”

టైరెల్ పగలబడి నవ్వాడు. “‘నీ తర్వాత ఎవడూ లేడురా, తప్పు నాది. కావాలంటే నన్ను తిట్టుకో, బంతి మాత్రం నువ్వే వెయ్యాలి’ అన్నాడమ్మా. అప్పటిదాకా చేతులు వణుకుతున్నాయి. ఏ మేనేజరూ నాతో తప్పు నాదనలేదు. నవ్వొచ్చేసింది, వణుకు పోయింది.”

థెల్మా కారులో కూర్చుని తల పట్టుకుంది. మర్చిపోవడం తప్పే. దాన్ని చెప్పిన తీరు మాత్రం ఎవడికి చేతనవుతుంది? కట్లర్ రే అలా ఎన్నడూ మర్చిపోడు. అలా చెప్పాల్సిన అవసరమూ అతనికి రాదు. ఇద్దరిలో ఎవరు గొప్ప? పైగా కారణాలన్నీ పత్రికలో అచ్చవుతాయి. నిజం రాస్తే యజమాని చదువుతాడు, అబద్ధం రాయడానికి చెయ్యి రాదు, పేరే రాయకపోతే ముసలాయన కొలువు పోతుంది. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

ఐదింటికి పావుగంట ఉందనగా మొదటి గడిలో స్టానెక్ అని రాసింది. గీత మీద, ‘జూన్‌లో తను చేసిన తప్పు కుర్రాడికి అప్పుడే చెప్పాడు, నాకు ఇవాళ చెప్పాడు’ అని పెట్టింది. సరైన పనే చేశానా అని, చీటీ ఇచ్చి వచ్చాక కూడా తనని తాను అడుగుతూనే ఉంది.

రెండు పాయింట్ల తేడాతో స్టానెక్ గెలిచాడు. అచ్చయిన కారణం చదివి యజమాని రెండు రోజులు చిందులు తొక్కాడు గానీ, ఇచ్చిన మాట తప్పలేక కొలువు ఉంచాడు. వంటింట్లో ఫ్రేము దించేశారని టైరెల్ చెప్పాడు.

మళ్లీ మార్చి వచ్చింది. ఎవరు ఎన్నో స్థానంలో ఉంటారో రాసే రోజు. స్టానెక్ కంచె దగ్గరికి వచ్చాడు.

“మమ్మల్ని ఎక్కడ పెట్టావు?”

“ఆఖరున.”

ముసలాయన మొహం వెలిగిపోయింది. “చల్లగా ఉండు తల్లీ! ఇక ఎన్నో స్థానంలో వచ్చినా అద్భుతమే!”

“ఊరుకో! నాకు నిజంగానే అలా అనిపించింది,” అని కసిరి, కారెక్కింది. దారి పొడుగునా ఆ మాటే పట్టుకుని నలిగింది. నిజంగానే అనిపించిందా? ఇంటి ముందు కారు ఆపాక కూడా ఆమెకి తెలియలేదు.