నూట పన్నెండో సెక్షన్ పైమెట్టు

మూడో ఇన్నింగ్స్ ముగిసేసరికి కాంక్రీటు వేడి బూట్ల అడుగుల్లోంచి వర్డెల్ పాదాలకు ఎక్కింది. బుధవారం మధ్యాహ్నపు బేస్‌బాల్ ఆట. డౌన్‌టౌన్ ఆఫీసుల వాళ్ళు భోజనం వేళకు వచ్చి, టైలు వదులు చేసుకుని, తిరిగి పనికి వెళ్ళడం మరిచిపోయే ఆట. నూట పన్నెండో సెక్షన్ పైమెట్టు మీద వర్డెల్ నిలబడటం ఇది పదిహేడో వేసవి. ఎడమ భుజం మీద సీట్లు తుడిచే తువ్వాలు, కుడిచేతిలో కర్రకు బిగించిన గుండ్రటి ఎర్ర పలక. వచ్చినవారి టికెట్టు చూడాలి, సీటు దాకా తీసుకెళ్ళాలి, తువ్వాలుతో సీటు తుడిచి, కూర్చోమని చేయి చూపించాలి. బ్యాటర్ ఆడుతున్నంతసేపు మాత్రం పలక ఎత్తి పట్టుకోవాలి. అది దించేవరకు మెట్ల మీద ఎవరూ కదలకూడదు. చూసేవారికి అడ్డం రాకూడదు. గంటకు పదకొండు డాలర్ల పాతిక సెంట్లు.

అరవై మూడేళ్ళ మనిషికి అది తేలికైన పనేనని అందరూ అంటారు, ఆమె కూడా కాదనదు. ఆ రోజు ఆమెను కుంగదీస్తున్నది ఎండ కాదు. ఏడో వరుస మూడో సీటులో కూర్చున్న ముసలాయన వీపు.

ఆట మొదలుకాక ముందే వచ్చాడాయన. జూలై ఎండలో కోటు మీద కోటు, చేతిలో మూతి ముడిచిన ప్లాస్టిక్ సంచి. టికెట్టు అందించిన చేతికి చిటికెన వేలు వంగదు. లాండ్రీలో ఇస్త్రీ యంత్రం కింద నలిగిన వేలు అది. ముఖం చూడకముందే వర్డెల్ ఆ వేలును గుర్తుపట్టింది. ఆర్విల్ టిబ్స్. ఒకప్పుడు కార్వర్ వీధిలో ఆమె ఇంటికి ఎదురు మేడగదిలో అద్దెకుండేవాడు. చర్చిలో అందరూ ఆయనను అన్నా అనే పిలిచేవారు. ఆమె కూడా అలాగే పిలిచేది.

ఆమె టికెట్టునే చూసింది. "ఏడో వరుస, మూడో సీటు సార్," అంది.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "థ... థాంక్స్ మేడమ్," అని, తనంతట తానే మెట్లు దిగి వెళ్ళి కూర్చున్నాడు. వర్డెల్ వెంట వెళ్ళలేదు. వెనకే వచ్చిన బ్యాంకు వాళ్ళు నలుగురినీ ఎనిమిదో వరుసకు తీసుకెళ్ళి నాలుగు సీట్లూ తుడిచింది. తిరిగి పైకి వచ్చాక తెలిసింది, పదిహేడేళ్ళలో సీటు తుడవకుండా తాను కూర్చోనిచ్చిన మనిషి ఆయన ఒక్కడేనని.

"ఇవాళ్టి ఎండకి పల్లీలు వేయించక్కర్లేదు వర్డెలక్కా, బుట్టలోనే వేగిపోతున్నాయ్," అంటూ పల్లీల లూషస్ పక్కనుంచి వెళ్ళాడు. "ఏంటలా ఉన్నావ్? అంపైర్ని చూస్తున్నావా? ఆయనకి చూపు పోయి మూడేళ్ళయిందిలే, పట్టించుకోకు."

ఆమె చూపు ఏడో వరుస మీదే ఉంది.

ఈ మైదానం కట్టకముందు ఇక్కడ కార్వర్ వీధి ఉండేది, నల్లజాతివాళ్ళ నలభై ఒక్క ఇళ్ళతో. ఊరి నడిబొడ్డు కళకళలాడాలంటే ఆటస్థలం కావాలని నగరసభ తీర్మానించినప్పుడు, ఇళ్ళున్నవాళ్ళకు ఇంత అని వెలకట్టారు. గదుల్లో అద్దెకున్నవాళ్ళకు ముప్పై రోజుల నోటీసు ఇచ్చారు. ఆర్విల్ గుమ్మం గుమ్మం తిరిగి సంతకాలు పోగుచేశాడు. సభలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు మాట్లాడే హక్కు. చిన్నప్పటి నుంచీ నత్తి ఉన్న మనిషి కనుక, తన బదులు మాట్లాడమని ఆయన వర్డెల్‌ను అడిగాడు. చర్చి పాటల బృందంలో ముందు వరుస గొంతు ఆమెది. "నువ్వు నోరు తెరిస్తే చివరి బల్ల దాకా వినపడుద్దమ్మాయ్," అన్నాడు. ఆమె ఒప్పుకుంది.

సభకు రెండు రోజుల ముందు మైదానం కంపెనీ మనిషి ఒకడు ఇంటికి వచ్చాడు. వీధివాళ్ళకే మొదటి ఉద్యోగాలన్నాడు. జాబితా చూపించాడు. అప్పటికి వర్డెల్ భర్త పోయి ఏడు నెలలు. ఆమె జాబితాలో పేరు రాసింది.

సభలో ఆమె పేరు పిలిచారు. చివరి బల్ల మీద కూర్చుని ఆమె తన చేతి తొడుగులు చూసుకుంది. రెండోసారి పిలిచారు. అప్పుడు ఆర్విల్ లేచాడు. మైకు ముందు నిలబడి, మొదటి వాక్యం మొదటి మాట మీదే పెనుగులాడాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. మూడు నిమిషాల గంట మోగేసరికి ఆయన రెండో వాక్యంలో ఉన్నాడు. ఆ తరవాత దొరికిన ఉద్యోగం ఏడాదికి డెబ్బై రోజులదని ఆమెకు మొదటి వేసవిలోనే తెలిసింది. కానీ అప్పటికి వీధి లేదు.

నాలుగో ఇన్నింగ్స్ మొదట్లో బ్రేడెన్ వచ్చాడు. వయసు ఇరవై ఆరు, నడుముకు వాకీటాకీ, ఆమె పై అధికారి. వెనక యూనిఫారంలో ఒక గార్డు.

"వర్డెల్ గారూ, ఏడులో ఆ పెద్దాయన. ఎనిమిదో వరుస వాళ్ళు వాసనని ఫోన్ చేశారు. ఏడాదంతా సీట్లు కొనుక్కున్న పార్టీ అది."

"టికెట్టుంది బాబూ."

"ఉంటే ఉంది. మా గార్డు లేపితే పదిమంది ఫోన్లలో తీస్తారు. ఈ సెక్షన్లో టికెట్టు అడిగే మనిషి మీరు. పొరపాటున కూర్చోబెట్టాను, ఇది పై అంతస్తుదని చెప్పి తీసుకోండి. టికెట్టు చేతిలో లేకపోతే మిగతాది మేం చూసుకుంటాం." గొంతు తగ్గించాడు. "మీరైతే, మీవాళ్ళే కనుక, ఆయన ఏమీ అనుకోడు కూడా. అన్నట్టు, చలికాలం ఇక్కడ జరిగే విందుల పనికి పేర్లు ఈ వారమే రాస్తున్నాం. మీ పేరు పైనే పెట్టాను."

చలికాలం విందుల పని లేకపోతే అక్టోబరు నుంచి మార్చి దాకా ఆమెకు పని లేదు. ఆమె మెట్లు దిగింది.

"సార్, పొరపాటున ఇక్కడ కూర్చోబెట్టాను. ఇది పై అంతస్తు టికెట్టు."

ఆర్విల్ జేబులోంచి టికెట్టు తీశాడు. నూట పన్నెండు అన్న అంకె ఇద్దరికీ కనపడుతూనే ఉంది. ఆయన దాన్ని చూడలేదు, ఆమెనే చూశాడు.

"నీకు ఇ... ఇబ్బందయితే తీసుకో వర్డెల్."

ఆమె తీసుకుంది.

"బయట ఎవరో అమ్మాయి ఇచ్చింది. లోపలెట్టా ఉంటదో చూద్దామని వచ్చా." ఆయన చేయెత్తి చూపించాడు. "మా మే... మేడగది ఇక్కడే కదూ. మీ వంటింటి కిటికీ అదిగో, ఫస్ట్ బేస్ కాడ. నువ్వు గిన్నెలు తోముతా పాడేదానివి. ఇంకా పాడతన్నావా?"

"లేదన్నా."

"ఎండ ఇప్పుడే తిరిగింది. ఈ ఇన్నింగ్స్ దా... దాకా ఉండనిస్తావా?"

ఆమె వెనక్కి తిరిగింది. ఆయన తిట్టి ఉంటే మెట్లెక్కడం ఇంత కష్టమయ్యేది కాదు. పైకి వచ్చేసరికి మైదానంలో కోలాహలం పెరిగింది. అవతలి జట్టులోంచి ప్రతి ఆటకూ ఒకణ్ణి ముందే ప్రకటిస్తారు. వాడు మూడు స్ట్రైకులతో, అంటే మూడు బంతులు తప్పి, ఔటైతే కాసేపు ఏడు డాలర్ల బీరు సగం ధరకు ఇస్తారు. ఆ మనిషి ఇప్పుడు బ్యాటు పట్టుకుని వచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. అలవాటుగా ఆమె చేయి పలక ఎత్తింది.

"టికెట్టు వచ్చిందా? ఇవ్వండి," అని బ్రేడెన్ చేయి చాపాడు. గార్డు మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

పలక వాడి ఛాతీకి అడ్డంగా వచ్చింది.

"బ్యాటర్ ఉన్నాడు," అంది వర్డెల్.

బ్రేడెన్ నవ్వబోయాడు. "మనం ప్రేక్షకులం కాదండీ."

"ఎవరైనా సరే. మొదటి రోజు నాకు నేర్పించింది అదే. నీకూ నేనే నేర్పించాను."

మొదటి స్ట్రైకు. రెండో స్ట్రైకు. మైదానమంతా లేచి నిలబడి ఔట్, ఔట్ అని అరుస్తోంది. మూడో బంతిని అతను గీత బయటకు కొట్టాడు. రెండు స్ట్రైకుల తరవాత అలా బయటకు కొట్టినంతసేపూ బ్యాటర్ ఔట్ కాడు, ఎన్ని కొట్టినా సరే. మరో బంతి. అదీ బయటకే.

"చావడేంట్రా వీడు," అన్నాడు ఎనిమిదో వరుసలోని బ్యాంకాయన. "గొంతెండిపోతోంది ఇక్కడ."

"వర్డెల్ గారూ," బ్రేడెన్ గొంతులో మర్యాద పలచబడింది. "పలక దించండి. టికెట్టు ఇటివ్వండి. విందుల జాబితా గురించి మళ్ళీ చెప్పించుకోకండి."

"ఈ టికెట్టు ఆ సీటుదే. నేను చూసే కూర్చోబెట్టాను."

"పొరపాటని మీరే ఇప్పుడు కింద చెప్పొచ్చారు."

"అబద్ధం చెప్పాను."

ఆమె గట్టిగా అనాలనుకోలేదు. కానీ ఎంతకాలం వాడకపోయినా అది పాటల బృందంలో ముందు వరుస గొంతు. అరుపులన్నిటి మీదుగా ఆ మాట మెట్ల వెంట కిందికి దిగింది. ఎనిమిదో వరుసలో తలలు తిరిగాయి. ఏడో వరుసలో ఆర్విల్ కూడా తిరిగాడు. ఆయన ముఖంలో క్షమాపణ అందుకున్న గుర్తేమీ లేదు. పద్దెనిమిదేళ్ళ కిందట సభలో పేరు రెండోసారి పిలిచినప్పుడు చివరి బల్ల వైపు చూసిన చూపే అది, ఇంకా ఎదురుచూస్తోంది. సిగ్గు వర్డెల్ మెడ దాకా వచ్చి అక్కడే ఆగింది. అది తగ్గలేదు.

మరో బంతి. టప్పున తగిలి, వల మీదుగా, పైకప్పు మీదుగా, ఒకప్పుడు వీధి మొదలైన చోట ఉన్న కార్ల షెడ్డు మీదికి ఎగిరిపోయింది. వేల ముఖాలు దాని వెంట పైకి లేచాయి. బ్రేడెన్ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని ఇంకొకర్ని పంపమంటున్నాడు. వర్డెల్ టికెట్టును పలక కర్రతో కలిపి రెండు చేతులా బిగించి పట్టుకుంది.

పొట్టి బ్యాటర్ బయటకు నడిచి, అరచేతులకు మట్టి రుద్దుకుని, తాపీగా వెనక్కి వచ్చి మళ్ళీ నిలబడ్డాడు.