తేలికైన సంచులు

శాలువాతో పాటు దండ కూడా వేస్తారేమో, వేస్తే తల వంచాలి, వంచడమే నయం, కాసేపు ఎవరి మొహమూ చూడక్కర్లేదు, అనుకుంటోంది కీర్తిప్రియ, నిడదవోలు కల్యాణమండపంలో వేదిక మీద మూడో కుర్చీలో కూర్చుని, ముందు బల్ల నిండా సీసాలు, ప్రతి సీసా మీదా తన పేరు, పేరు ముందు డాక్టర్, మైకు దగ్గర పెదనాన్న సీతారామరాజు గారు, మా అమ్మాయి కోరంగి మడ అడవిలో ఏడాది పాటు మోకాల్లోతు బురదలో తిరిగిందండి, ఎండుగడ్డిని నెల్లో మట్టిలో కలిపేసే సూక్ష్మజీవుల్ని పట్టుకొచ్చిందండి, అంటున్నాడు, పట్టుకొచ్చిందట, పీతల్ని పట్టుకొచ్చినట్టు, నవ్వు రావలసిన మాటకి తను బల్ల మీద సీసాలు లెక్కపెడుతోంది, ఆ మోకాల్లోతు కూడా అబద్ధమే, బురదలోకి దిగింది సుబ్బాయమ్మ, పడవ నడిపే మనిషి, ఆటుకి నీళ్ళు తీసిన వేళకి చీకటితోనే వెళ్ళి నల్లమడ చెట్ల వేళ్ళ దగ్గర పాతిన వలసంచుల్ని తవ్వి రేవుకి చేర్చేది, తను తొమ్మిదింటికి కారు దిగి తూకం వేసేది, సంచిలో పెట్టిన ఎండుగడ్డి ఎంత తరిగితే ఆ మట్టిలో సూక్ష్మజీవులు అంత తిన్నట్టు, తరగకపోతే, ఏంటి సుబ్బాయమ్మా, ఇంకా ఇంతుందేంటి, అనేది, తరిగిన రోజు ఆమె చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టేది, తెలివైన పనే చేశాననుకునేది కూడా.

మొన్న మంగళవారం ఈ సభ కాగితం మీద వేయడానికి సూర్యోదయపు ఫోటో కావాలని మొదటిసారి పెందలాడే వెళ్ళింది, వెళ్ళేసరికి సుబ్బాయమ్మ గట్టు మీద గొంతుక్కూర్చుని ఏడో నంబరు సంచి విప్పి గడ్డి లాగేస్తోంది, ఏం చేస్తున్నావు అంటే ఉలిక్కిపడలేదు, దాచుకోలేదు, ఆయ్, కాస్త తీస్తన్నానండి, బరువుంటే మీ మొహం చిన్నబోద్దండి, చూడలేకపోయేదాన్నండి, అందుకని పిడికెడు లాగేసి మళ్ళీ కట్టేసేదాన్ని, తప్పాండి, అంది, చేతిలో తడిగడ్డి అలాగే పట్టుకుని, ఎప్పట్నించి అంటే, మూడో నెల్నించండి, అంది, అంతే, ఏడాది శ్రమ ఆ పిడికిట్లో ఉంది, తిరిగొచ్చేటప్పుడు కారులో తను యూనివర్సిటీకి ఒక ఉత్తరం మనసులో రాసుకుంది, క్షేత్ర సహాయకురాలి పొరపాటు వల్ల, అని మొదలుపెట్టి, పొరపాటు కాదు, మోసం అని దిద్దింది, దిద్దడంలో ఎంత హాయి కలిగిందో ఇప్పుడు తలుచుకుంటే చెవులు మండుతున్నాయి.

ఎందుకంటే ముడి, ఆ ముడి సంగతి తనకి తెలుసు, సంచి మూతికి తను వేసేది లంగా బొందుకి వేసే మామూలు ముడి, నాలుగో నెలలో తిరిగొచ్చిన సంచికి ఉన్నది వల అల్లేవాళ్ళు వేసే గట్టి ముడి, చూసింది, చూసి ఒక్క క్షణం చేయి ఆగింది, తర్వాత కత్తెర తీసి ముడి కత్తిరించి నీళ్ళలో పడేసింది, సుబ్బాయమ్మని ఏమీ అడగలేదు, లాబ్‌లో అదే మట్టి వేసిన గడ్డి నెల దాటినా సగమైనా కరగలేదు, సీసాలో ఆటుపోట్లు ఎక్కడివి అని తనకి తనే సర్దిచెప్పుకుంది, ఆ మట్టిలో ఉన్నవి మాత్రం ఏ పాపమూ ఎరగవు, అవి తింటాయి, తమ తీరికలో తింటాయి, తనకే తీరిక లేదు, సిగ్గుచేటు.

కింద కుర్చీల్లో అరవై మంది, కోత మిషన్లు వెళ్ళిపోయిన చేలల్లో గడ్డి తగలబెట్టకుండా ఆపి వచ్చిన వాళ్ళు, పెదనాన్న మాట నమ్మి ఆపారు, రేపు ఈ సీసాలు చల్లి, నీళ్ళు పెట్టి, రెండో పంటకి దాళ్వా నాట్లు వేస్తారు, గడ్డి పోదు, నీళ్ళ కింద మురిగి నారు వేళ్ళని తినేస్తుంది, ఆ తర్వాత చలి ఎక్కువైందని చెప్పొచ్చు, నీరు ఉప్పన అని చెప్పొచ్చు, చెప్పడానికి ఎన్ని లేవు, ఛీ, ఇప్పుడు కూడా సాకులే వెతుకుతోంది, పెదనాన్న మొహంలో ఆ వెలుగు చూడు, సొంత కూతురి గురించైనా ఇలా చెప్పుకోలేదు, ఆయన చేతిలో మైకు ఉండగా ఎలా లేస్తుంది, లేస్తే ఆయన రేపు ఊళ్ళో ఎలా తిరుగుతాడు.

ముందు వరసలో ఒకాయన లేచాడు, వెంకన్న, పెదనాన్న చేను పక్కనే మూడెకరాలు కౌలుకి చేస్తాడు, కండువా భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని, అమ్మాయిగారూ, ఒక్క మాటండి, తప్పుగా అనుకోకండి, గడ్డి నెల్లో పోవడం మీరు కళ్ళారా చూశారాండి, అన్నాడు, పెదనాన్న నవ్వుతూ, చూడకుండా చెప్తాదేంటి వెంకన్నా, అని ఆమె వైపు తిరిగాడు, కళ్ళారా, ఇంత చిన్న ప్రశ్న ఏడాదిలో ఒక్కరూ అడగలేదు, పరీక్షకులు అడగలేదు, పత్రికలవాళ్ళు అడగలేదు, సుబ్బాయమ్మని అడిగితే అడిగిన మొదటిసారే నిజం చెప్పేసింది, తనని ఎవరూ అడగలేదు, అడగకపోవడం వల్ల మిగిలిన దాన్నే తను ఇన్నాళ్ళూ నిజాయితీ అనుకుంది, ఇప్పుడు అడిగారు, ఇది మొదటిసారి, లేదండి వెంకన్నగారూ, నేను చూడలేదండి, అంది కీర్తిప్రియ, లేచి నిలబడి.