దోమ్నికా లేని చలికాలానికి పొయ్యి

తెల్లారగానే దోమ్నికా లేచి, శాలువా కప్పుకుని, వంటగదిలో పొగగొట్టానికి వీపు ఆనించి కూర్చునేది. ఆవిడ కూర్చున్న కాసేపటికి ఇల్లంతా వెచ్చబడేది. గోడలు, నేల, పక్కగదిలో పరుపులు, అన్నీ. కోడలు వెతూరియా రొట్టెల పిండి కలిపి అత్తగారి కాళ్ల దగ్గర పెడితే చక్కగా పొంగేది. పక్కింటి నిస్తోర్ తడిసిన బూట్లు తెచ్చి ఆవిడ కుర్చీ కింద పెట్టి పోయేవాడు. ఊళ్లో అందరి ఇళ్లలోనూ ఇటుకల పొయ్యిలున్నాయి, ఒకసారి మండిస్తే రోజంతా వేడి వదులుతూ ఉండేవి. ఈ ఇంట్లో మాత్రం వంటకి చిన్న ఇనప పొయ్యి తప్ప ఇంకేమీ లేదు. అవసరం పడలేదు.

ప్లమ్ పళ్లు ఉడకబెట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం, మొక్కజొన్న సంకటిలో మీగడ కలుపుకుంటూ దోమ్నికా అంది:

"ఈ చలికాలం నేను సవేతా దగ్గరుంటాను."

కొడుకు కాసియన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సవేతా ఆవిడ చెల్లెలు. కొండ కనుమకి అవతల ఒంటరిగా ఉంటోంది. మోకాళ్లు పట్టేసి కట్టెలు కొట్టుకోలేక, వృద్ధాశ్రమానికి వెళ్లిపోతానని సంతకం పెట్టింది. ఆ కబురు మోసుకొచ్చింది కాసియనే. అతను కనుమ మీదుగా వాత్రా దోర్నెయ్ పట్నం దాకా చిన్న బస్సు నడుపుతాడు.

"మరి మేమో?" అన్నాడు.

"మీకు చేతుల్లేవా? పొయ్యి కట్టుకోండి."

దోర్నెయ్‌లో పొయ్యిలు కట్టే మేస్త్రీ ఎండలు వచ్చేదాకా ఖాళీ లేదన్నాడు. "నేనే కడతాను," అన్నాడు కాసియన్. "నువ్వా!" అంది వెతూరియా. ఆ ఒక్కమాటా అతనికి చాలా రోజులు గుచ్చుకుంది.

పొయ్యి ఎలా కట్టాలో మేస్త్రీ ఫోన్లో చెప్పాడు. ముందు, ఇంటికి రోజుకి ఎంత వేడి కావాలో తేల్చుకోవాలి. దాన్నిబట్టి కట్టెలు, కట్టెల్నిబట్టి మంట గూడు, గూడునిబట్టి పొగ తిరిగే దారి, ఆ దారినిబట్టి ఇటుకలు. అన్నీ మొదటిదాని మీదే ఆధారం. ఆ మొదటిదే కాసియన్‌కి అంతు చిక్కలేదు. ఈ ఇంటికి రోజుకి ఎన్ని కట్టెలు పడతాయో ఎవరికి తెలుసు? ఎవరైనా ఎప్పుడైనా కాల్చి చూస్తేగా!

"అమ్మా, నువ్వు ఎన్ని కట్టెలంత ఉంటావ్?" అనడిగాడు విసిగిపోయి.

"నన్ను తూకం వేస్తున్నావుట్రా?"

"మరి దేన్ని వెయ్యమంటావ్?"

నిస్తోర్ ఇంట్లో వాడకం అడిగి తెలుసుకుని, అతని ఇల్లు చిన్నది కాబట్టి కాస్త కలిపి లెక్క కట్టాడు. బంకమన్ను, ఇసుక కలిపి, ఇటుకలు తడిపి పేర్చి, వంటగదిలోని పొగగొట్టానికి కలిపాడు. నడుము విరిగింది. గోళ్ల సందుల్లో మన్ను ఎంత కడిగినా పోలేదు. పొయ్యి ఆరాక మంట వేశాడు. ఇల్లు హాయిగా వెచ్చబడింది. తెల్లారి కూడా అంతే వెచ్చగా ఉంది. కాసియన్ ఈల వేసుకుంటూ డ్యూటీకి వెళ్లాడు. ఊరు దాటాక గుర్తొచ్చింది: అమ్మ ఇంట్లోనే ఉందిగా!

ఆ సాయంత్రం తల్లిని బతిమాలి నిస్తోర్ ఇంటికి పంపి మళ్లీ మంట వేశాడు. పడుకునేవేళకి బాగానే ఉంది. తెల్లారేసరికి వెతూరియా కోటు వేసుకుని, దాని మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

"చిన్నది కట్టావు," అంది.

"తెలుస్తోంది."

"కప్పు కాఫీ కూడా కాగేలా లేదు."

"తెలుస్తోందన్నానా!"

అదంతా పీకేశాడు. ఈసారి భయంతో గూడు పెద్దది చేశాడు, పొగదారి పైకీ కిందకీ మలుపులు తిప్పి పొడుగ్గా కట్టాడు, ఇటుకలు దాదాపు రెండింతలు వాడాడు. అది గదిలో ఎద్దులా పడుకుంది. మంట వేస్తే పొగని అద్భుతంగా పైకి లాగింది. దోమ్నికా పొగగొట్టానికి ఆనుకుని మేజోళ్లు అల్లుకుంటోంది. "బాగుందిరా," అంది. ఆ మాట కోసమే ఇన్నాళ్లూ కష్టపడ్డట్టనిపించింది కాసియన్‌కి.

మర్నాడు ఆవిడని నిస్తోర్ ఇంటికి పంపి మంట వేస్తే, పొగ లోపలికి వెళ్లలేదు. గూట్లోంచి వెనక్కి తన్ని గదంతా కమ్మింది. వెతూరియా దగ్గుతూ కిటికీలు తెరిచింది. అప్పటికి బయట మొదటి మంచు పడుతోంది. దోమ్నికా తిరిగొచ్చి కూర్చోగానే పొగ చెప్పిన మాట వినే పిల్లలా పైకి పోయింది. మళ్లీ పంపాడు. మళ్లీ పొగ. నాలుగు రోజులు ఇదే వరస. కాసియన్ ఇటుకని కాలితో తన్ని, బొటనవేలు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

అయిదో రోజు నిస్తోర్ గుమ్మంలోంచే అరిచాడు. "మీ అమ్మని తీసుకుపోవయ్యా! మా నేలమాళిగలో బంగాళాదుంపలన్నీ ఈ వేడికి మొలకలేస్తున్నాయి!"

"ఇంకొక్కరోజు నిస్తోర్!"

"నిన్నా అదే అన్నావు!"

సవేతా కోసం ఆశ్రమం బండి ఈ వారాంతంలోనే వస్తుందని బస్సులో ఎవరో చెప్పారు. దోమ్నికా మూట కట్టుకుని గుమ్మం దగ్గర పెట్టింది. కొడుకుని తొందర పెట్టలేదు. ఆ మూటకేసి చూసినప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది.

"మేం గడ్డకట్టి చస్తే నీకు బాగుంటుందా?" అన్నాడు చివరికి.

"ఒరేయ్, పుట్టి బుద్ధెరిగాక ఒక్క చలికాలం కూడా నేను ఈ గడప దాటలేదు. మీ నాన్న పోయినరోజు కూడా శ్మశానానికి వెళ్లలేదు, పసివాడివి, నీకు చలేస్తుందని. సవేతా పెళ్లికీ వెళ్లలేదు, అది జనవరిలో చేసుకుంది." ఆవిడ గొంతు పెరగలేదు. "ఇప్పుడు వెళ్తాను."

కాసియన్‌కి కోపం తగ్గలేదు గానీ ఎవరి మీదో తెలియకుండా పోయింది. పొయ్యి దగ్గరికి వెళ్లి, తల్లి రోజూ వీపు ఆనించే చోట చెయ్యి పెట్టి చూశాడు. ఆవిడ అప్పుడే లేచింది. అక్కడ గొట్టం వెచ్చగా ఉంది. పొగ పైకి పోవాలంటే ముందు గొట్టం వెచ్చబడాలి. చల్లటి గొట్టంలోకి, అన్ని మలుపులు తిరిగి చల్లబడ్డ పొగ ఎందుకు ఎక్కుతుంది? ఆవిడ కూర్చుని ఆ పని చేసిపెడుతోంది, తనేమో పొయ్యి పనిచేస్తోందనుకుంటున్నాడు.

సుత్తి తీసుకుని గూడు పైభాగంలో, గొట్టంలోకి తిన్నగా కన్నం పొడిచాడు. వెతూరియా కేక వేసింది. "అయ్యో, మళ్లీ పగలగొడుతున్నావా!" అతను ఆ కన్నానికి ఇనప రేకు మూత పెట్టాడు. ముందు మూత తెరిచి మంట వేస్తే పొగ అడ్డదారిన తిన్నగా గొట్టంలోకి పోయి దాన్ని వేడెక్కిస్తుంది. బాగా లాగడం మొదలెట్టాక మూత మూసేస్తే మలుపులన్నీ తిరిగి వెళ్తుంది. రెండు మలుపులు కూడా తీసేశాడు. మన్ను పూసి, ఆరేదాకా గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

ఈసారి దోమ్నికా చెప్పకుండానే లేచి నిస్తోర్ ఇంటికి వెళ్లింది. మంట పట్టింది. మూత మూశాక ఇటుకలు మెల్లగా వేడెక్కాయి. తెల్లారి వెతూరియా వట్టికాళ్లతో వంటగదిలోకి వచ్చి, పొయ్యికి చెంప ఆనించి నిలబడింది.

"ఎడం పక్క వంకరగా ఉంది," అంది కళ్లు మూసుకునే.

శనివారం దోమ్నికా బస్సులో ముందు సీట్లో కూర్చుంది. కనుమ ఎక్కేలోపు జనం కోట్ల గుండీలు విప్పుకున్నారు. సవేతా ఇంటి ముందు ఆశ్రమం బండి అప్పటికే ఆగి ఉంది. కాసియన్ బస్సు ఆపి మూట పట్టుకుని లోపలికి వెళ్లాడు. గదిలో నోటి ఆవిరి కనిపిస్తోంది. సవేతా ఓవర్‌కోటు, టోపీ, చేతితొడుగులతో సహా సంచి మీద కూర్చుని ఉంది. ఆశ్రమం నుంచి వచ్చిన లావుపాటి ఆవిడ కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ నిలబడింది.

"బయల్దేరదామా అమ్మా?"

"మా అక్క వచ్చింది," అంది సవేతా.

దోమ్నికా శాలువా తీసి మేకుకి తగిలించి, చెల్లెలి పక్కన నేల మీదే కూర్చుంది. కిటికీ అద్దం మీద మంచు పూలు కరిగి నీళ్లు కారాయి. లావుపాటి ఆవిడ మఫ్లర్ వదులు చేసుకుంది. సవేతా ఒక చేతితొడుగు తీసింది, తర్వాత రెండోది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. మెల్లగా, పైనుంచి కిందికి, కోటు గుండీలన్నీ విప్పింది.

"నేను రావట్లేదమ్మా," అంది. "ఉక్కగా ఉంది."

బయట ఎవరో బస్సు హారన్ మోగించారు. కాసియన్ కదల్లేదు.

"ఎప్పుడొస్తావ్ అమ్మా?"

"చూద్దాం."

"ఎండలకా?"

"చూద్దాం అన్నానా. పో, జనం గడ్డకట్టిపోతున్నారు."

బస్సెక్కాడు. అందరూ గుండీలు పెట్టుకుంటున్నారు. తలుపు విసురుగా వేసి గేరు మార్చాడు.

"పాపం, ఇంక మీ ఇంట్లో ఎలాగయ్యా?" అంది వెనక సీట్లోంచి ఒక ముసలావిడ.

కాసియన్ అద్దంలోకి చూడలేదు.

"పొయ్యి ఉంది," అన్నాడు. "నేనే కట్టాను."