మూడు బ్రాంచిలు, ఒకటే డిస్కు

మా జగదీశ్వర్ గారి కోచింగ్ సెంటర్‌కు మూడు బ్రాంచిలు: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. నేను లెక్కలు చెబుతాను. పాఠాల వీడియోలన్నీ చిక్కడపల్లి ఆఫీసులో ఒకే డిస్కులో ఉంటాయి. మిగతా బ్రాంచిల సర్వర్లు ఆ డిస్కునే నెట్‌వర్క్ మీద తెరిచి చూపిస్తాయి. సర్వర్లు చూసుకునే ఉమాకాంత్ ఈ సంగతి చెప్పి చెప్పి అలసిపోయాడు. జగదీశ్వర్ గారి దృష్టిలో మాత్రం మూడు చోట్ల కనిపిస్తే మూడు కాపీలే.

"బ్యాకప్‌కు ఇంకో డిస్కు కావాలె సార్," అంటే, "మూడు పెట్టుకొని నాలుగోది అడుగుతవేందయ్యా," అని నవ్వేవారు. గేటు మీద కొత్త ఫ్లెక్సీకి మాత్రం ఆయన చెయ్యి ఎన్నడూ వెనకాడలేదు.

అసలు తిప్పలు గౌరవంతో మొదలయ్యాయి. పాలిటీ చెప్పే విశ్వేశ్వరరావు గారు రిటైర్డ్ లెక్చరర్, మా అందరిలో పెద్ద. ఒకనాడు ఎవరిదో ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదని వచ్చింది. పెద్దాయన చిన్నబుచ్చుకుని చాయ్ కూడా ముట్టకుండా ఇంటికి వెళ్లిపోయారు. "సార్‌కే లేదంటవా?" అని జగదీశ్వర్ గారు ఉమాకాంత్‌ను కోప్పడి, అన్ని ఫోల్డర్ల మీదా ఆయనకు పూర్తి హక్కులు ఇప్పించారు. అది చూసి మిగతా సీనియర్లూ అలిగారు. ఇక సన్మాన సభలో శాలువాలు కప్పినట్టు అందరికీ హక్కులు పంచారు.

జాగ్రఫీ చెప్పే సంయుక్తకు అప్పుడు ఆరో నెల. సెలవులో ఉన్నన్నాళ్లూ జీతం రావాలంటే పాఠాలన్నీ ముందే రికార్డు చేసి పెట్టాలని జగదీశ్వర్ గారు షరతు పెట్టారు. చప్పుడొస్తుందని ఏసీ ఆపేసిన గదిలో, వాచిన కాళ్లతో నిలబడి, ఎండాకాలమంతా నదులూ నేలలూ రుతుపవనాలూ చెప్పింది. ఆఖరి పాఠం పెట్టేసరికి డిస్కు నిండింది.

ఎవరి బ్రాంచిలో వాళ్లు పనికిరానివి తీసేయమని జగదీశ్వర్ గారి కబురు వెళ్లింది. విశ్వేశ్వరరావు గారు నారాయణగూడలో కూర్చుని, తన సన్మానాల వీడియోలు ఒక్కటీ ముట్టకుండా, జాగ్రఫీ ఫోల్డర్ మొత్తం తుడిచేశారు. నారాయణగూడలో జాగ్రఫీ బ్యాచే లేదు, చిక్కడపల్లిది చిక్కడపల్లిలో ఉంటుంది కదా అని ఆయన ధీమా. ఉమాకాంత్ ఎంత వెతికినా ఒక్క పాఠమూ తిరిగి రాలేదు.

మీటింగు పెట్టారు.

"అసలు నాకు గా హక్కు ఎవరిచ్చిండ్రు?" అని విశ్వేశ్వరరావు గారే గద్దించారు. "పెద్దమనిషిని, తెల్వక ఏదో ఒకటి నొక్కుత. చూసుకునుడు నీ పని కాదా ఉమాకాంత్?"

హక్కుల కోసం అలిగిన వాళ్లంతా తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉమాకాంత్‌కు మెమో ఇచ్చారు.

ఆ తర్వాత జగదీశ్వర్ గారు సంయుక్త వైపు తిరిగి గొంతు మెత్తగా చేసుకున్నారు. "ఏమనుకోకమ్మా. సెలవు జర వెనకకు జరుపుకొని మళ్లొకసారి చెప్పు. లేకుంటే జీతం కష్టమైతది."

"సెలవు జరుపుకుంట సార్," అంది సంయుక్త. "కాన్పు జరిపే హక్కు మాత్రం నాకు ఎవ్వరియ్యలే."

ఆమె లేచి తలుపు దగ్గరికి నడిచింది.

"పక్క రూముల కొత్త బ్యాచ్ పిల్లలున్నరు. పాఠాలు ఎట్ల పోయినయో పోయి చెప్పమంటరా, జీతం ఇస్తరా?"

డిస్కు సంగతి ఏళ్ల తరబడి చెప్పినా తలకెక్కని జగదీశ్వర్ గారికి ఇది వెంటనే ఎక్కింది. సెలవంతా జీతం ఆగదని అక్కడే కాగితం మీద రాసి సంతకం పెట్టారు. సంయుక్త దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఆ ఫొటోను మా అందరికీ పంపింది.